ఆగి ఉన్న లారీని ఏసీసీ ఏం చేస్తుంది?

సంక్రాంతి సెలవులకి మనలో చాలామంది ఊళ్ళకి బయల్దేరతారు. లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్ళు, "నాన్నా, హైవే ఎక్కాక నాకివ్వు" అని స్టీరింగ్ అడిగేవాళ్ళు మన క్లాసులోనే పదిమంది తేలతారు. ఇంట్లోది కొత్త కారైతే అందులో అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ ఉండే అవకాశం బాగానే ఉంది. 2020లో ఎంజీ గ్లోస్టర్‌లో, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో వచ్చినప్పుడు మన దేశంలో అదో పెద్ద వార్త. ఇప్పుడు హ్యుందాయ్ వెర్నా, హోండా సిటీ లాంటి సెడాన్లలో కూడా పై వేరియంట్ తీసుకుంటే వచ్చేస్తోంది. పేరు పొడుగు కాబట్టి ఇక్కణ్ణుంచి ఏసీసీ అందాం.

కథలూ కవితలూ వేసే పత్రికలో కారు పాఠం ఎందుకని అడగొచ్చు. మెస్‌లో ఈ విషయం మీద జరిగే వాదనలు విన్నాక రాయాలనిపించింది. "ముందు ఏదొచ్చినా అదే ఆపేస్తుంది మామా" అని ఒకడంటాడు, మిగతావాళ్ళు తలూపుతారు. ఆ "ఏదొచ్చినా" అన్న మాటే ప్రమాదం. ఏసీసీ చాలా మంచి పరికరం, నాకిష్టం కూడా. కానీ అది రోడ్డుని చూస్తోందని అనుకుంటే చిక్కులో పడతాం. అది చేసేదల్లా ముందు కదులుతున్న ఒక బండిని పట్టుకుని దాని వెంట నడవడం. ఈ రెంటికీ తేడా ఎక్కడ బయటపడుతుందో చూద్దాం.

ముందు కొంచెం చరిత్ర. మామూలు క్రూజ్ కంట్రోల్‌ని కనిపెట్టింది రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరు. ఐదేళ్ళ వయసులో ఆయన చూపు పోయింది. ఆయన్ని కారులో తీసుకెళ్ళే లాయరు మాట్లాడుతున్నప్పుడు వేగం తగ్గించి, వింటున్నప్పుడు పెంచేవాడనీ, ఆ కుదుపులు భరించలేక ఈ ఆలోచన వచ్చిందనీ చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది, 1958 మోడల్ క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలో ఆ పరికరం పెట్టారు. దానికి ఒకటే పని: చెప్పిన వేగాన్ని పట్టి ఉంచడం. ముందు బండి ఉందో లేదో దానికి అక్కర్లేదు. 1995లో మిత్సుబిషి డియామాంటేలో లేజరుతో ముందు బండి దూరం కొలిచి వేగం తగ్గించే పద్ధతి వచ్చింది గానీ, అది బ్రేకు వేయలేదు. థ్రాటిల్ వదిలి, గేరు తగ్గించేది, అంతే. రాడార్‌తో కొలిచి బ్రేకు కూడా వేసే పద్ధతి 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. ఇప్పటి ఏసీసీలు దాదాపుగా దాని సంతానమే.

రాడార్‌కి ఏం తెలుస్తుంది

ఈసీఈ వాళ్ళు ఈ భాగం చదవకుండా దాటేయొచ్చు, మెకానికల్ వాళ్ళు మాత్రం దాటకండి. బంపర్ మధ్యలోనో, లోగో వెనకో ఉండే రాడార్ సుమారు 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం 4 మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ. వెళ్ళిన తరంగం ముందు బండికి తగిలి తిరిగొచ్చేసరికి రెండు విషయాలు తెలుస్తాయి: ఎంత దూరం, ఎంత సాపేక్ష వేగం. రెండోది డాప్లర్ పుణ్యం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మనం దగ్గరవుతున్న వస్తువు నుంచి వచ్చే ప్రతిధ్వనిలో సుమారు 14 కిలోహెర్ట్జ్ మార్పు ఉంటుంది. దాన్ని కొలవడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. వేగాన్ని రాడార్ కొలిచినంత కచ్చితంగా మన కన్ను ఎప్పటికీ కొలవలేదు.

రాడార్ బలహీనత కోణంలో ఉంది. రెండు డిగ్రీల తేడాని మాత్రమే విడదీయగలదనుకోండి. 100 మీటర్ల దూరంలో రెండు డిగ్రీలంటే 3.5 మీటర్లు. మన జాతీయ రహదారి మీద ఒక లేన్ వెడల్పు కూడా సరిగ్గా 3.5 మీటర్లే. అంటే అంత దూరంలో ఉన్న వస్తువు మన లేన్‌లో ఉందా, పక్క లేన్‌లో ఉందా, రోడ్డు వారన మట్టిలో ఉందా అన్నది దానికి అనుమానంగానే ఉంటుంది. ఎత్తు విషయంలో పాత రాడార్లు ఇంకా గుడ్డివి. నేల మీది లారీకీ, తల మీద వేలాడే "విజయవాడ 120" బోర్డుకీ తేడా సరిగా తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. మనం 100లో వెళ్తుంటే ముందున్న బోర్డు, వంతెన, డివైడర్ మీది రెయిలింగ్, రోడ్డు మీది ఇనప మూత, ఇవన్నీ మనవైపు సరిగ్గా 100తోనే వస్తున్నట్టు రాడార్‌కి కనిపిస్తాయి. ఆగిపోయిన లారీ కూడా అంతే. ప్రతి రెయిలింగుకీ బ్రేకు వేస్తే కారు కిలోమీటరు కూడా సాగదు, పైగా వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అందుకని ఇంజినీర్లు ఒక నిర్ణయం తీసుకున్నారు: నేలతో పోలిస్తే వేగం సున్నా ఉన్న ప్రతిధ్వనుల్ని, ముఖ్యంగా ఎక్కువ వేగంలో, నమ్మకూడదు. కదులుతున్న వాటినే లక్ష్యంగా పట్టుకోవాలి. ఒకసారి కదులుతూ కనిపించి, తర్వాత మన ముందే ఆగిన బండైతే ఫరవాలేదు, దాన్ని వదలదు. మొదట చూసేసరికే ఆగి ఉన్న బండితోనే ఇబ్బంది.

ఇది తయారీలో లోపం కాదు, తెలిసి చేసిన ఎంపిక. ఆగి ఉన్న వాహనాలకి ఏసీసీ స్పందించకపోవచ్చని కారుతో ఇచ్చే మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మనవాళ్ళు మాన్యువల్‌ని గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా దాచుకుంటారు, అది వేరే సంగతి. కొత్త కార్లలో రాడార్‌కి కెమెరా తోడైంది, కొన్ని ఆగి ఉన్న కార్లని బాగానే గుర్తుపడుతున్నాయి. హోండా సిటీలో అయితే రాడారే లేదు, అద్దం వెనక ఉన్న కెమెరా ఒక్కటే. కెమెరాకి కారు వెనక భాగం బాగా తెలుసు. గడ్డి మోపులతో గోపురంలా పెరిగిపోయిన ట్రాక్టర్ ట్రాలీ కూడా అంత బాగా తెలుసని మాత్రం నేను పందెం కాయను. ఎదురు ఎండ, పొగమంచు, అద్దం మీద బురద ఉంటే కెమెరా చూపు ఇంకా తగ్గుతుంది.

ముందు బండి తప్పుకున్నప్పుడు

2018 జనవరి 22న కాలిఫోర్నియాలో కల్వర్ సిటీ దగ్గర, ఇంటర్‌స్టేట్ 405 మీద ఒక టెస్లా మోడల్ ఎస్ ఆగి ఉన్న ఫైరింజన్‌ని గుద్దింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దాన్ని దర్యాప్తు చేసి నివేదిక ఇచ్చింది. మన పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆటోపైలట్ ఆన్‌లో ఉంది, సెట్ చేసిన వేగం గంటకు 80 మైళ్ళు, అంటే దాదాపు 129 కిలోమీటర్లు. ట్రాఫిక్ మెల్లగా ఉంది కాబట్టి కారు ముందు బండి వెనకే సుమారు 34 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. ముందు బండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. దాని ముందు, వేరే ప్రమాదం దగ్గర సాయానికి వచ్చిన ఫైరింజన్ ఆగి ఉంది. ఏసీసీ లెక్కలో మాత్రం ముందు బండి పోయింది కాబట్టి దారి ఖాళీ! సెట్ చేసిన వేగం అందుకోవడానికి కారు వేగం పెంచడం మొదలుపెట్టింది. గుద్దడానికి అర సెకను లోపు హెచ్చరిక మోగింది. గుద్దినప్పుడు వేగం సుమారు 50 కిలోమీటర్లు. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

అది ఊరికే గుద్దలేదు, వేగం పెంచి మరీ గుద్దింది. చాలామందికి మింగుడుపడనిది ఇదే. మనిషి ఎంత పరధ్యానంలో ఉన్నా ఎర్రటి ఫైరింజన్ వైపు యాక్సిలరేటర్ తొక్కడు. కంట్రోలర్‌కి ఫైరింజన్ లేనే లేదు, ఉన్నది 129 అన్న అంకె ఒక్కటే. ముందు బండి తప్పుకోగానే ఆగి ఉన్న బండి బయటపడే ఈ పరిస్థితిని కటౌట్ అంటారు. యూరో ఎన్‌క్యాప్ 2018లో పది కార్ల మీద పెట్టిన పరీక్షల్లో ఇదీ ఒకటి, కార్లన్నిటికీ కష్టమైనదీ ఇదే.

ఇప్పుడు దీన్ని మన ఎన్‌హెచ్ 65 మీదికి తెద్దాం. రాత్రి పది దాటింది. సూర్యాపేట దాటాక ఒక లారీ యాక్సిల్ విరిగి ఎడమ లేన్‌లోనే ఆగిపోయింది. డ్రైవరూ క్లీనరూ దిగి వెనక నాలుగు రాళ్ళు పేర్చారు, పక్కనున్న చెట్టు నుంచి వేపకొమ్మ విరిచి రాళ్ళ మధ్య గుచ్చారు. మన రోడ్ల మీద ఆ కొమ్మకి ఉన్న అర్థం పల్లెలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు: "బండి ఆగింది, పక్కకి పో". రాడార్‌కి కొమ్మా తెలియదు, రాళ్ళూ తెలియవు.

మీరు ఒక ఎత్తయిన కంటైనర్ వెనక 80లో వెళ్తున్నారు. ఏసీసీ గ్యాప్ 1.5 సెకన్లు, అంటే 33 మీటర్లు. కంటైనర్ డ్రైవర్‌కి కొమ్మ ఆలస్యంగా కనిపించి, ఆగిన లారీకి ఇంకా 22 మీటర్లు, అంటే ఒక్క సెకను దూరం ఉండగా పక్కకి తప్పుకున్నాడు. మీకూ లారీకీ మధ్య ఉన్నది 55 మీటర్లు.

ఇంటర్‌లో చదివిన సూత్రమే: వేగం వర్గాన్ని ఋణత్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఆగే దూరం వస్తుంది. హైవే వేగాల దగ్గర ఏసీసీ వేసే బ్రేకుకి అంతర్జాతీయ ప్రమాణమే ఒక హద్దు పెట్టింది, సెకను వర్గానికి సుమారు 3.5 మీటర్లు. ప్రయాణికులు ఉలిక్కిపడకూడదని, వెనకవాళ్ళు గుద్దకూడదని ఆ హద్దు. ఆ లెక్కన 80 నుంచి ఆగడానికి 70 మీటర్లు కావాలి. అంటే ఏసీసీ ఆ లారీని ఆ క్షణంలోనే చూసినా, తన హద్దులో ఉండి ఆపలేదు. పూర్తిగా తొక్కితే పొడి రోడ్డు మీద 8 వరకు వస్తుంది. అప్పుడు 31 మీటర్లు చాలు, కానీ మీరు తేరుకుని తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే ఇంకో 22 కలపాలి. మొత్తం 53. ఉన్నది 55. రెండు మీటర్లు మిగిలాయి, అదీ మీ కళ్ళు రోడ్డు మీద ఉండి, కాలు సిద్ధంగా ఉంటే. ఇదే లెక్క గ్యాప్ ఒక సెకనుకి పెట్టి చేసి చూడండి: దూరం 44 మీటర్లకి తగ్గుతుంది, లారీని గుద్దేటప్పటికి కారు వేగం ఇంకా గంటకు 42 కిలోమీటర్లు ఉంటుంది. గ్యాప్ 2.5 సెకన్లైతే 78 మీటర్లు, ఊపిరి పీల్చుకోవచ్చు.

అత్యవసర బ్రేకు వ్యవస్థ వేరే ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అది ఏసీసీ కాదు, ఆఖరి క్షణంలో గట్టిగా తొక్కడానికి పెట్టిన వేరే ప్రోగ్రాము. దానికీ వేగ పరిమితులున్నాయి, అదీ ఇవే కళ్ళతో చూస్తుంది. హెల్మెట్ ఉంది కదా అని గోడకి తల కొట్టుకోం కదా.

గ్యాప్ గురించి మా మామయ్యతో గొడవ

స్టీరింగ్ మీద దూరం మార్చే మీట ఉంటుంది. నొక్కితే డ్యాష్‌బోర్డు మీద గీతలు మారతాయి. సాధారణంగా ఒక సెకను నుంచి రెండున్నర సెకన్ల వరకు ఎంచుకోవచ్చు. ఇది మీటర్లలో కాకుండా సెకన్లలో ఉండటం తెలివైన పని. వేగం పెరిగితే దూరం దానంతటదే పెరుగుతుంది. 100 దగ్గర ఒక సెకనంటే 28 మీటర్లు, రెండు సెకన్లంటే 56.

మా మామయ్య ఎప్పుడూ ఒక్క గీతే పెడతాడు.

"మామయ్యా, పూర్తిగా పెంచు" అంటే,

"అంత ఖాళీ ఇస్తే ప్రతి బస్సూ వచ్చి దూరుతుందిరా. ఇక మనం వెనక్కి వెళ్తూనే ఉండాలి, ఇంటికి ఎప్పుడు చేరతాం?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే అనిపించింది, అందుకే లెక్కేశాను. ఒక బండి మన ముందు దూరిందంటే ఏసీసీ దాని వెనక మళ్ళీ అదే గ్యాప్ తయారుచేసుకుంటుంది. అంటే మనం కోల్పోయేది దాదాపు ఒక గ్యాప్, రెండున్నర సెకన్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. దారి పొడుగునా అరవై బండ్లు దూరాయనుకుందాం. మొత్తం ఆలస్యం 150 సెకన్లు. రెండున్నర నిమిషాలు! దారిలో మామయ్య టీకి ఆగితే అరగంట. ఈ లెక్క చెప్పాక రెండు గీతలకి వచ్చాడు. మూడోదానికి ఇంకా ఒప్పుకోలేదు.

అయితే దూరే బండ్ల సమయంలో జాగ్రత్త కావాలి. పక్క నుంచి వచ్చే బండిని, అది మన లేన్‌లోకి సగానికి పైగా వచ్చేదాకా, ఏసీసీ తన లక్ష్యంగా లెక్కలోకి తీసుకోకపోవచ్చు. మనిషికి మాత్రం ముందే తెలుస్తుంది: ఆటో ముందు చక్రం కాస్త తిరగడం, బైకు మీద వెనక కూర్చున్నవాడు చెయ్యి చాపడం, బస్సు డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టడం. ఈ భాషలో ఏసీసీకి అక్షరాభ్యాసం కూడా కాలేదు. అలాంటిది కనబడగానే కాలితో కొంచెం బ్రేకు వేసేయడమే. ఏసీసీ ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు, పోయేదేం లేదు.

బైకుల సంగతి విడిగా చెప్పాలి. సన్నగా ఉంటాయి, ప్రతిధ్వని చిన్నది, పైగా లేన్ మధ్యలో కాకుండా అంచున వెళ్తాయి. రాడార్ ఒక్కోసారి వాటిని వదిలి వాటి ముందున్న కారుని పట్టుకుంటుంది. అలాగే ఇనప చువ్వలు బయటికి పొడుచుకొచ్చిన లారీ. రాడార్ కొలిచే దూరం లారీ బాడీ వరకు కావచ్చు, చువ్వల కొన వరకు కాకపోవచ్చు. ట్రాఫిక్‌లో అలాంటి లారీ వెనక ఏసీసీని ఆపేసి, మీరే దూరం చూసుకోండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసే వడ్లూ మొక్కజొన్నలూ సరే, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళనీ, మధ్యలో పడుకున్న కుక్కనీ ఏ ఏసీసీ పట్టించుకోదు.

మలుపుల్లో ఇంకో తమాషా. ముందు కారు మలుపు తిరిగి రాడార్ చూపు నుంచి తప్పుకుంటే, మన కారు దారి ఖాళీ అనుకుని మలుపులోనే వేగం అందుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి కిందికి దిగే ర్యాంపుల్లో ఇది బాగా తెలుస్తుంది: ముందు కారు వెనక 60లో నెమ్మదిగా దిగుతుంటాం, అది వంపులో మాయమవగానే ఇంజన్ గుర్రుమంటుంది, ఎందుకంటే పైన సెట్ చేసిన 100 దానికి ఇంకా గుర్తుంది. ర్యాంపు మొదలవకముందే ఆపేయాలి. శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ లాంటి చోట్ల అసలు ముట్టుకోవద్దు. జోరు వానలో కూడా అంతే. చక్రాల కింద పట్టు ఎంత ఉందో ఏసీసీకి ముందుగా తెలియదు, పొడి రోడ్డు అన్నట్టే వేగం పెంచుతుంది.

కాలు ఎక్కడుండాలి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు రాడార్ ఆపరేటర్లు గంటల తరబడి తెర చూస్తూ, కనిపించిన శత్రు జలాంతర్గాముల్ని కూడా గమనించకపోయేవారు. ఎందుకని నార్మన్ మాక్‌వర్త్ అనే మానసిక శాస్త్రవేత్త పరీక్షలు చేసి 1948లో ప్రచురించాడు. గడియారం ముల్లు లాంటిది ఒకటి అడుగడుగునా కదులుతుంటుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది, అది పట్టుకోవాలి. మొదటి అరగంట గడిచేసరికే మనుషుల పట్టు తగ్గిపోయింది. వాళ్ళు బద్ధకస్తులేం కాదు. ఎప్పుడోగానీ జరగని దాని కోసం కాచుకుని కూర్చోవడం మెదడుకి చేతకాదు, అంతే. ఏసీసీ ఆన్ చేశాక డ్రైవర్ చేసే పని సరిగ్గా ఇదే. 1983లో లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే ఆవిడ ఆటోమేషన్‌లోని విడ్డూరాల మీద ఒక వ్యాసం రాసింది: తేలిక పనులు యంత్రానికిచ్చి, యంత్రానికి చేతకాని కష్టమైన క్షణాన్ని మనిషికి వదిలేస్తాం, ఆ మనిషికేమో ఈలోపు అలవాటు తప్పి ఉంటుంది. కంట్రోల్ సిస్టమ్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళు వెతికి చదవండి, కొద్ది పేజీలే.

కాబట్టి ఏసీసీలో ఉన్నప్పుడు కాలు మడిచి సీటు కింద పెట్టుకోవద్దు. మడమ నేల మీద, పాదం బ్రేకుకి ఎదురుగా. యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి ఉంచడం ఇంకా తప్పు. మీరు యాక్సిలరేటర్ తొక్కుతున్నంతసేపూ చాలా కార్లలో ఏసీసీ బ్రేకు వేయదు, మీరు కావాలనే వేగం పెంచుతున్నారనుకుంటుంది. కళ్ళకి ఒక చిన్న పని అప్పజెప్పడం నాకు బాగా పనికొచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ముందు బండిని పట్టుకున్నప్పుడు చిన్న కారు బొమ్మ వెలుగుతుంది. ముందు కొత్త బండి కనబడ్డ ప్రతిసారీ ఆ బొమ్మ వెలిగిందా అని ఒక్క క్షణం చూస్తాను. నా కంటికి బండి కనిపిస్తూ, బొమ్మ వెలగలేదంటే వెంటనే బ్రేకు. రెండోసారి ఆలోచించను. దీనివల్ల నిద్రమత్తు కూడా రాదు, ఎందుకంటే కాసేపటికి అదో ఆటలా తయారవుతుంది.

రెజ్యూమ్ మీట గురించి ఒక మాట. అది నొక్కితే కారు పాత సెట్ స్పీడుకి పోతుంది. హైవే మీద 100 పెట్టుకుని, ఊళ్ళోకి దిగి సర్వీస్ రోడ్డు మీద 40లో వెళ్తూ రెజ్యూమ్ నొక్కారంటే 100 వైపు దూకుతుంది. హైవే దిగగానే ఏసీసీని పూర్తిగా ఆఫ్ చేస్తే పాత అంకె కూడా పోతుంది. ఇంకొకటి, పూర్తిగా ఆపి మళ్ళీ కదిలే సదుపాయం అన్ని కార్లలోనూ ఉండదు. కొన్నిటిలో వేగం 30 కిలోమీటర్ల దరిదాపుల్లోకి రాగానే ఒక బీప్ కొట్టి ఏసీసీ తప్పుకుంటుంది. తప్పుకోవడమంటే బ్రేకు వేయడం కాదు, వదిలేయడం. ముందు బండి ఆగుతూంటే మీ కారు దొర్లుతూ పోతుంది. మీ కారు ఏ రకమో ప్రయాణానికి ముందే తెలుసుకోవాలి.

ఇవన్నీ ఒకేసారి ఎదురయ్యే చోటు టోల్ ప్లాజా. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర, కొర్లపహాడ్ దగ్గర క్యూ కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. క్యూ చివర ఆగి ఉన్న కారుని మన ఏసీసీ కదులుతుండగా ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే మనం వచ్చేసరికే అది ఆగి ఉంది. ముందు బండి ఖాళీగా కనబడ్డ ఫాస్టాగ్ లేన్‌లోకి చటుక్కున మారితే కల్వర్ సిటీ కథ మళ్ళీ మొదలు. టోల్ ప్లాజా కిలోమీటరు ముందు బోర్డు కనబడగానే ఏసీసీ ఆఫ్ చేయడం నేను పెట్టుకున్న నియమం. క్యూ దాటి, బూమ్ లేచి, లేన్లు మళ్ళీ కుదురుకున్నాక ఆన్ చేసుకుంటాను.

రాత్రి పూట ఇంకొక లెక్క. లో-బీమ్ వెలుతురు మంచి చూపునిచ్చేది సుమారు 50, 60 మీటర్ల వరకు. 100లో వెళ్తూ ఒకటిన్నర సెకన్లలో తేరుకుని పూర్తి బ్రేకు తొక్కితే ఆగడానికి 90 మీటర్లు పడుతుంది. రిఫ్లెక్టర్లు మట్టి కొట్టుకుపోయి, లైట్లు లేని ట్రాక్టర్ ఎదురైతే మన కళ్ళకీ చాలదు, ఏసీసీకీ చాలదు. అందుకే రాత్రి ఏసీసీ పెట్టినా సెట్ స్పీడు 80 దాటించను. వెనక నుంచి మామయ్య "ఎడ్లబండి" అని వెక్కిరిస్తాడు, వెక్కిరించనీ.

ఊరికి బయల్దేరే ముందు ఒక పూట పెట్టుకుని మీ కారు మాన్యువల్‌లో ఏసీసీ అధ్యాయం తెరవండి. ఆగి ఉన్న వాహనాల గురించి ఏం రాశారో, ఎంత వేగం దగ్గర తప్పుకుంటుందో, దుమ్ము పడితే సెన్సర్ ఎక్కడ తుడవాలో అందులోనే ఉంటుంది. తర్వాత ఔటర్ మీద ట్రాఫిక్ పలచగా ఉండే ఆదివారం పొద్దున పక్కన ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా నడపండి. బ్రేకుతో ఒకసారి, క్యాన్సిల్ మీటతో ఒకసారి, మెయిన్ స్విచ్చితో ఒకసారి ఆపి చూడండి, చూడకుండానే బొటనవేలు ఆ మీట మీదికి వెళ్ళేదాకా.